పథ్యం తప్పిన బాబాయిగారు

మొన్న స్టాఫ్‌రూమ్‌లో పక్క సీటు మేడం నా ఫోన్‌కి ఒక వాట్సాప్ వాయిస్ మెసేజ్ పంపి, "వినండి మేడం, మీ కడుపు సంగతికి పనికొస్తుందేమో. ఎవరో పెద్దాయన, ఎంత ఓపిగ్గా చెప్పారో," అంది. నా కడుపు సంగతి కాలేజీలో అందరికీ తెలుసు. ఇలాంటివి నాకు తరచూ వస్తూనే ఉంటాయి కాబట్టి మర్యాద కోసం నొక్కాను. "అందరికీ నమస్కారమండి. నేనెవరన్నది మీకు అనవసరమండి. మీకు కావాల్సింది మారేడు కాయండి," అంటూ మొదలైంది. చేతిలో ఉన్న టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. అది మా బాబాయిగారి గొంతు.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. పోయింది కడుపు వల్ల కాదు, గుండె ఆగి. ఇన్నేళ్ళూ పేగుకి కాపలా కాస్తూ కూర్చున్నారు, గుండె మాత్రం చెప్పా పెట్టకుండా ఆగిపోయింది. మనిషి లేడు గానీ ఆయన మారేడు కాయ మాత్రం ఫోన్ల మీద ఇంకా ఊళ్ళు తిరుగుతూనే ఉంది. కాయ పచ్చిగా ఉండాలా, దోరగా ఉండాలా, గుజ్జు ఎలా తీయాలి, మజ్జిగలో ఎంత కలపాలి, అన్నీ చెబుతారు. ఆఖర్న గొంతు తగ్గించి, "డాక్టరుగారి బిళ్ళ మాత్రం ఆపకండి. ఆపితే ఏమవుద్దో నాకు తెలుసండి," అంటారు. ఆ ఒక్క మాట ఆయన నోట రావడానికి ఎంత తతంగం జరిగిందో ఫార్వర్డ్ చేసేవాళ్ళెవరికీ తెలియదు. నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

ఆయనే చెప్పుకోని పేరు నేను చెప్పడం బాగుండదు. బాబాయిగారు అంటున్నానే గానీ చుట్టం కూడా కాదు. మా ఇద్దరిదీ ఒకే జబ్బు, అదే మా చుట్టరికం. డాక్టర్లు అల్సరేటివ్ కొలైటిస్ అంటారు. మా వైపు పేగు పూత అంటారు. పెద్దపేగు లోపలి పొర పూసిపోయి, రక్తంతో విరేచనాలు పట్టుకుంటాయి. కొన్నాళ్ళు తగ్గుతుంది, హమ్మయ్య అనుకునేలోగా తిరగబెడుతుంది. పూర్తిగా పోయే జబ్బు కాదని మొదటి రోజే చెప్పేస్తారు. ఆ మాట విన్నాక ఎవరి దారి వాళ్ళు వెతుక్కుంటారు. బాబాయిగారు ఆకుల దారి పట్టారు.

మొదటిసారి ఆయన్ని చూసింది ఏలూరులో మా డాక్టరుగారి దగ్గర, వెయిటింగ్ హాల్లో. ఆ హాలుకి బాత్రూము ఒక్కటే. దాని తలుపు పక్కనే ఉండే కుర్చీ మా జబ్బువాళ్ళకి సింహాసనం. ఆ రోజు నా మొహం చూసి, తెల్ల లుంగీ, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన ఆ కుర్చీలోంచి లేచి, "మీరిక్కడ కూర్చోండమ్మా. నాకింకా టైముంది," అన్నారు. ఎంత టైముందో ఎలా తెలుసని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కాసేపటికి నేను తిరిగొచ్చేసరికి ఆయన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. "కుళాయి ఎడం పక్కకి తిప్పాలమ్మా, కుడి పక్కకి తిప్పితే మీద పడుద్ది. ముందే చెప్పాల్సింది," అని నా తడిసిన కొంగు వైపు చూడకుండా చెప్పారు.

ఆయనకి కైకలూరులో చేపల మేత షాపు ఉండేది. చెరువుల మందులు కూడా అమ్మేవారు. సరుకు కోసం, వసూళ్ళ కోసం తెగ తిరిగే మనిషి కావడం వల్ల ఆ తోవల్లో ఉన్న బాత్రూములన్నీ ఆయనకి కంఠతా వచ్చు. నేను పరీక్షల డ్యూటీకి తాడేపల్లిగూడెం వెళ్ళాలంటే ముందు రోజు ఆయనకి ఫోన్ చేసేదాన్ని. "గూడెమా అండి? అయితే ఊళ్ళోకి తిరక్కముందు ఎడం పక్క బంకు వద్దమ్మా, అక్కడ నీళ్ళు రావు. కొంచెం ఓర్చుకుంటే కుడి పక్క టిఫిన్ హోటలు ఉంటది. ఎవర్నీ అడక్కండి, తిన్నగా వెనక్కి వెళ్ళిపోండి. వచ్చేటప్పుడు ఒక టీ తాగండి, మర్యాదగా ఉంటది," అనేవారు. పుణ్యక్షేత్రాల గురించి చెప్పేవాళ్ళు కూడా అంత శ్రద్ధగా చెప్పరు.

కైకలూరులో ఎవరికీ ఆయన జబ్బు పేరు తెలియదు. అందరికీ "గ్యాసండి" అని చెప్పుకున్నారు. దానివల్ల ఊరంతా ఆయనకి గ్యాసు వైద్యం చేసేది. షాపుకి వచ్చిన రైతు జేబులోంచి వాము పొట్లం తీసి పెట్టేవాడు. పక్క ఐసు కొట్టాయన నిమ్మసోడా పంపించేవాడు. కాదంటే బాధపడతారని బాబాయిగారు అన్నీ పుచ్చుకునేవారు. నాతో మాత్రం ఏ దాపరికమూ లేదు. ఫోన్ తీయగానే, "బాగున్నారా అండి మేడంగారూ?" అనేవారు. "బాగున్నానండి బాబాయిగారూ, మీరెలా ఉన్నారు?" అంటే, "మీ దయ వల్ల ఇవాళ గట్టిగానే ఉందండి," అనేవారు. ఎదురుగా ఉన్నవాళ్ళు వింటే మేత రేటు గురించో, మార్కెట్టు గురించో అనుకుంటారు.

ఇక ఆయన ఆకుల సంగతి. మారేడు ఒక్కటే కాదు, కొడిశపాల బెరడు, దానిమ్మ తొక్క, తుంగ గడ్డలు, పసుపు, కలబంద, తామర దుంప, అన్నీ ఆయన కడుపులోకి వెళ్ళొచ్చినవే. ప్రతిదానికీ ఒక దశ ఉండేది. కొత్తది దొరికిన రోజుల్లో దాని గురించి పెళ్ళికూతురి గురించి చెప్పినట్టు చెప్పేవారు. జబ్బు తగ్గే రోజులు వచ్చి తగ్గితే, ఆ సమయానికి ఏ ఆకు చేతిలో ఉంటే దానికి కిరీటం పెట్టేవారు. తిరగబెడితే మాత్రం ఆకు తప్పు ఎన్నడూ లేదు. తప్పంతా తనదే.

"పత్యం తప్పానమ్మా," అనేవారు తలదించుకుని. "మొన్న చింతచిగురు పప్పు పెట్టారండి. ఒక్క ముద్ద. ఆ పులుపే కొంప ముంచింది."

పప్పులో చింతచిగురు లేనప్పుడు వంకాయ, వంకాయ లేనప్పుడు ఆవకాయ, అదీ లేకపోతే తాటిముంజ. వెతికితే ఏదో ఒకటి దొరికేది. ఇంతమంది ఇచ్చిన మందుల్లో ఒక్కటీ తప్పు చేయకుండా, మనిషి ఒక్కడే ఇన్ని తప్పులు చేయడం ఎలా కుదిరిందని నేను ఏడిపించేదాన్ని. ఆయన సీరియస్‌గా ఆలోచించి, "నోరు మంచిది కాదండి," అనేవారు.

నిజానికి ఆయనంత నోరు కట్టుకున్న మనిషిని నేను చూడలేదు. కొల్లేటి గట్టున పుట్టినవాడికి చేప మానమనడం అంటే మాటలు కాదు. ఏ పసరువాడైనా మొదట కోత పెట్టేది చేపకే. ఇంట్లో పిన్నిగారు, అంటే ఆయన భార్య, ఆయన మానేసిన రోజుల్లో తానూ మానేస్తానంటే ఒప్పుకునేవారు కాదు. కొరమీను పులుసు పెట్టించేవారు. పొయ్యి మీంచి దింపాక వెళ్ళి, మూత తీసి, కళ్ళు మూసుకుని గట్టిగా వాసన పీల్చి, మూత పెట్టేసి, వచ్చి మజ్జిగన్నం ముందు కూర్చునేవారు. నేను ఒకసారి కళ్ళారా చూశాను. "అదేంటి బాబాయిగారూ?" అంటే, "వాసన పత్యంలో లేదండి. మందిచ్చినాయన్ని అడిగే మొదలెట్టాను," అన్నారు. పిన్నిగారు నా విస్తట్లో ముక్క వేస్తూ, "రోజూ ఇదే వరసమ్మా. చుట్టాలొచ్చినప్పుడైనా కాస్త సిగ్గుపడరు," అంది.

ఆయన షాపులో జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఆ రోజు నేను కైకలూరు వెళ్ళాను, మారేడు గుజ్జు ఇస్తానంటే. మధ్యాహ్నం దాటాక ఒక రైతు సంబరంగా వచ్చాడు. తెల్లారగట్ల తన చెరువులో చేపలన్నీ పైకి తేలి గుటకలేస్తున్నాయట. ఎవరో చెప్పారని వేపాకు నూరి చెరువంతా చల్లించాడట. మధ్యాహ్నానికల్లా చేపలన్నీ కిందకి దిగిపోయాయట. ఈ వేపాకు సంగతి నలుగురికీ చెప్పమని బాబాయిగారి దగ్గరికి వచ్చాడు.

బాబాయిగారు పూర్తిగా విని, నెమ్మదిగా, "తెల్లారగట్ల తేలిన చేప ఎండెక్కాక దిగుద్దండి. రాత్రంతా నీళ్ళల్లో గాలి తగ్గుద్ది, ఎండొస్తే మళ్ళీ పడుద్ది. మీరు వేపాకు చల్లినా దిగుద్ది, చల్లకుండా గట్టు మీద కూర్చున్నా దిగుద్ది. రేపు తెల్లారి మళ్ళీ తేలితే ఏం చేస్తారు? నీళ్ళల్లో గాలి కలిపే ఏరియేటరు పెట్టుకోండి, మేత తగ్గించండి," అన్నారు.

రైతు మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. "ఏవండీ బాబాయిగారూ, మరి మన మారేడు కాయ కూడా అంతేనేమో. తగ్గే రోజులు వచ్చి తగ్గిందేమో," అన్నాను.

ఆయన కోప్పడలేదు. పక్కకి ఒరిగిన మేత బస్తాని సర్ది నిలబెట్టారు. "చెరువు ఆయనది కదమ్మా," అన్నారు. "ఎదటివాళ్ళ చెరువు గురించైతే నిజం తేలిగ్గా చెప్పొచ్చు." తర్వాత లేచి నాకు గుజ్జు డబ్బా ఇచ్చి, మజ్జిగలో చిలకడం మర్చిపోవద్దన్నారు. ఇంటికొచ్చే దారంతా నాకు మనసు బాగోలేదు. అలా అనకుండా ఉండాల్సింది అనిపించింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే పెదపాడు వైపు ఒక పల్లెలో పసరు ఇచ్చే ఆయన గురించి ఎక్కడో విన్నారు. ఫోన్‌లో ఆయన గొంతు వినగానే కొత్త పెళ్ళికూతురు వచ్చిందని అర్థమైంది. "ఈసారి మామూలుది కాదండి. మీరూ రండి. ఇద్దరం కలిసి మొదలెడదాం," అన్నారు. అప్పటికి నాకూ విసుగొచ్చి ఉంది. స్టెరాయిడ్లతో మొహం గుండ్రంగా ఉబ్బిపోయింది. క్లాసు మధ్యలో పిల్లల్ని వదిలి పరుగెత్తాల్సి వస్తుందేమోనన్న భయంతో పొద్దున్నే ఏమీ తినకుండా కాలేజీకి వెళ్తున్నాను. సరేనన్నాను.

ఇద్దరం ఏలూరు నుంచి ఆటోలో వెళ్ళాం. దారి పొడుగునా ఒక పక్క వరిచేలు, ఒక పక్క చెరువులు. అక్కడ ఒక పెంకుటింటి ముందు అప్పటికే జనం కూర్చుని ఉన్నారు. మందిచ్చే ఆయన డబ్బు పుచ్చుకోడు. ఆకు పేరు అడక్కూడదు, చెబితే మందు పనిచేయదు. పరగడుపున పోస్తాడు, తాగి వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి. మంచి మనిషిలాగే ఉన్నాడు, ఎవర్నీ మోసం చేసే వాలకం కాదు. చిక్కల్లా ఆయన పెట్టిన ఒకే షరతు దగ్గర వచ్చింది. మండలం రోజులు ఇంగ్లీషు మందు ముట్టుకోకూడదు. రెండూ కలిస్తే విరుగుతాయట. ఆపైన మామూలు పథ్యం, చేప, పులుపు, వంకాయ.

బాబాయిగారు పసరు గుక్కలో మింగేసి, నాలుకతో పెదాలు తడుముకుని, "కొడిశపాల ఉందండి ఇందులో. ఇంకోటేదో ఉంది, అందట్లేదు," అని నా చెవిలో చెప్పారు. అడక్కూడదన్నారు గానీ నాలుకని ఎవరు ఆపుతారని ఆయన వాదన. నా వంతు వచ్చేసరికి నేను బెదిరిపోయాను. సీసాలో పోయించుకుని, ఇంట్లో తాగుతానని చెప్పి పట్టుకొచ్చేశాను.

సాయంత్రం డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన కుర్రవాడే గానీ విసుక్కునే రకం కాదు. "అందులో ఏముందో తెలియకుండా తాగడం నాకిష్టం లేదండి. మారేడు గుజ్జు తింటారా, తినండి, నాకు చెప్పి తినండి. బిళ్ళలు మాత్రం ఆపకండి. ఇప్పుడు మీకు తగ్గి ఉన్నది బిళ్ళల వల్ల. ఆపిన వెంటనే ఏమీ అవ్వదు. అందుకే జనం మోసపోతారు. తర్వాత తిరగబెడితే ఈసారి పేగు తీసేయాల్సి రావచ్చు," అన్నారు. ఆ మాట బాబాయిగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. "మీరు చదువుకున్నవాళ్ళండి, మీకు భయమెక్కువ," అని నవ్వి ఫోన్ పెట్టేశారు. ఆయన బిళ్ళలు ఆపేశారు.

డాక్టరుగారు చెప్పినట్టే, వెంటనే ఏమీ అవ్వలేదు. ఏమీ అవ్వకపోవడమే కాదు, బాబాయిగారు వెలిగిపోయారు. రోజూ ఫోన్. "మీ దయ వల్ల గట్టిగా ఉందండి" అన్న మాటలో మీ దయ తగ్గి పసరు దయ పెరిగింది. మందు మొదలెట్టాక కైకలూరు దాటి వెళ్ళినా బాత్రూముల గురించి ఆలోచించట్లేదన్నారు. ఒక వారం నాకే అనుమానం వచ్చింది, నేనే పిరికిదాన్నయ్యానేమోనని. సీసా ఇంకా ఫ్రిజ్జులోనే ఉండేది. రెండుసార్లు తీసి మూత కూడా విప్పాను.

మండలం ఇంకా పూర్తి కాకుండానే పిన్నిగారు ఏడుస్తూ ఫోన్ చేసింది. ఏలూరులో ఆసుపత్రిలో చేర్చారు. రక్తం చాలా పోయింది, మనిషి తెల్లగా పాలిపోయారు.

నేను వెళ్ళేసరికి వార్డులో బాబాయిగారు సెలైన్ పెట్టిన చేత్తోనే చూడొచ్చినవాళ్ళకి కథ చెబుతున్నారు. "గూడెంలో పెళ్ళికెళ్ళామండి. మర్నాటి భోజనాల్లో బొమ్మిడాయిల పులుసు పెట్టారు. ఒక్కటంటే ఒక్క ముక్క. నా ఖర్మ కాకపోతే నోరు కట్టుకోలేకపోయానా. మందాయన బంగారం లాంటి మందిచ్చాడు, నేనే పాడుచేసుకున్నాను." డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చి, చేప వల్ల కాదండీ, బిళ్ళలు ఆపడం వల్ల అని ఎంతో మర్యాదగా విడమరిచి చెప్పారు. బాబాయిగారు అంతకంటే మర్యాదగా తలూపారు. ఆయన అటు వెళ్ళగానే నాతో, "మంచివాడండి. కానీ బొమ్మిడాయి సంగతి ఆయనకి తెలియదు," అన్నారు. ఆపైన ఇంకో మాట చెప్పారు. పెదపాడు మందాయన దగ్గరికి కబురు పంపారట. పథ్యం తప్పితే మండలం మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాలట. ఇంటికెళ్ళగానే మొదలెడతారట, బిళ్ళలు ఆపేసి.

నేను వరండాలోకి వచ్చేశాను. పిన్నిగారు ఫ్లాస్కు పట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. "మీరు పక్కనుండి ఎలా తిననిచ్చారు పిన్నిగారూ?" అన్నాను, కోపంగానే.

పిన్నిగారు నా వైపు చూసి, లోపలికి వినపడకుండా గొంతు తగ్గించింది. "ఆయనేం తినలేదమ్మా."

నాకు అర్థం కాలేదు.

"పక్కనే కూర్చున్నాను. పప్పు, పెరుగు తప్ప చెయ్యి పెట్టలేదు. వడ్డించే కుర్రాడు బొమ్మిడాయి వెయ్యబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టారు. వాసన కూడా చూడలేదు, వచ్చేటప్పుడు కారులో దాని గురించే గొప్పగా చెప్పుకున్నారు. మొన్న ఇక్కడ అందరికీ తిన్నాను తిన్నాను అంటుంటే, తినలేదు కదండీ, ఎందుకు లేనిపోని మాట అన్నాను. ఎప్పుడూ లేనిది నా మీద అరిచారమ్మా. 'తిన్నాననే అను. తినకుండా ఉండి కూడా తిరగబెట్టిందంటే ఇంక నేను చేసేదేముంది? నాకింక మందే లేదని కదా?' అన్నారు. అని గోడ వైపు తిరిగి పడుకున్నారు."

నేను ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నాను. చింతచిగురు ముద్ద, వంకాయ ముక్క, తాటిముంజ, ఇన్నేళ్ళూ నేను ఏడిపించిన తప్పులన్నీ గుర్తొచ్చాయి. వాటిలో ఎన్ని తిన్నారో, ఎన్ని తినలేదో. తనది తప్పు అయితే రేపు దిద్దుకోవచ్చు. తప్పు లేకుండానే జబ్బు వచ్చి పడుతుందంటే దాన్ని పట్టుకుని బతకడం ఎలాగో ఆయనకి తెలియలేదు. నాకు మాత్రం తెలుసా? నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. పిన్నిగారు ఫ్లాస్కులోంచి కాస్త కాఫీ పోసి ఇచ్చింది.

లోపలికి వెళ్ళి, "మీరేం తినలేదని నాకు తెలుసు" అనడానికి ఎంతోసేపు పట్టదు. అంటే ఆయన మొహం ఏమవుతుందో చూడగలనా? అనకపోతే ఇంటికెళ్ళి మళ్ళీ బిళ్ళలు ఆపేస్తారు. ఈసారి ఆపితే పేగే తీస్తారో, మనిషే మిగలరో. కాఫీ చల్లారిపోయేదాకా అక్కడే కూర్చున్నాను. ఆ తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"బాబాయిగారూ, మీరు చేసింది ఏమైనా బాగుందా అండి?" అన్నాను. "ఇంత వయసొచ్చి, ఒక్క ముక్క కోసం అంత కక్కుర్తా?"

ఆయన ఉలిక్కిపడ్డారు. అప్పటిదాకా చూడొచ్చిన వాళ్ళందరూ పాపం పాపం అన్నవాళ్ళే గానీ తిట్టినవాళ్ళు లేరు.

"తప్పేనమ్మా," అన్నారు.

"తప్పా తప్పున్నరా? అలాంటి పసరు పుచ్చుకుంటూ బొమ్మిడాయి తింటారా ఎవరైనా? రేపు మళ్ళీ మొదలెడతారు. మళ్ళీ ఎవరిదో పెళ్ళి వస్తుంది. మళ్ళీ పులుసు పెడతారు. మీరాగుతారా?"

"ఆగుతానండి."

"మీ మాట నేను నమ్మను. పిన్నిగారూ, మీరు నమ్ముతారా?"

గుమ్మంలో నిలబడ్డ పిన్నిగారు కాసేపు నన్ను చూసింది. తర్వాత ఆమెకి అర్థమైంది. "ఏం నమ్ముతానమ్మా. చేపల గిన్నె కనిపిస్తే ఆగే మనిషా ఈయన," అంది.

"అదీ సంగతి," అన్నాను. "నోరు కట్టుకోగలిగినవాళ్ళు ఎలా చేస్తారో నాకు తెలియదు. మీలాంటి పథ్యం తప్పే మనిషికి మాత్రం అడ్డం ఒకటి ఉండి తీరాలి. ఎప్పుడు జారిపోతారో మీకే తెలియదు కదా. జారిన రోజున పట్టుకునేది ఏదో ఒకటి కడుపులో ఉండాలా, వద్దా? ఇకనుంచి రోజూ డాక్టరుగారి బిళ్ళ వేసుకోవడం కూడా మీ పథ్యంలోదే. అది తప్పితే మీతో నేను మాట్లాడను. ఆ పెదపాడు మందాయన బిళ్ళతో కలిపి పసరు ఇవ్వనంటే, మీరు మారేడు గుజ్జు తినండి, డాక్టరుగారికి చెప్పి తినండి."

బాబాయిగారు నన్ను చూశారు, గుమ్మంలో పిన్నిగారిని చూశారు, మళ్ళీ నన్ను చూశారు. మేత బేరాల్లో, వసూళ్ళలో పండిపోయిన మనిషి, ఎదటివాళ్ళ మొహం చదవడం ఆయనకి ఒకరు నేర్పాలా. పిన్నిగారు చెప్పేసిందని ఆయనకి ఆ క్షణంలోనే తెలిసిపోయి ఉంటుంది. నేను మాత్రం తిట్టే మొహం అలాగే పెట్టుకుని కూర్చున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా తల దించలేదు.

"నిజమేనండి," అన్నారు చివరికి. "నాలాంటి నోరు కట్టుకోలేని మనిషికి బిళ్ళ ఉండాల్సిందే."

పిన్నిగారు గబగబా వచ్చి బిళ్ళ, నీళ్ళ గ్లాసు అందించింది. ఆయన సెలైన్ లేని చేత్తో పుచ్చుకుని మింగి, గ్లాసు తిరిగిచ్చి, దిండుకి ఆనుకున్నారు. పాలిపోయిన మొహంలో చిన్న నవ్వు వచ్చింది.

"మీ దగ్గర దాచడమెందుకు గానీ మేడంగారూ," అన్నారు, "ఒక్క ముక్క కాదండి, రెండు తిన్నాను. రెండోదాంట్లో గుడ్డు కూడా ఉంది."